నాన్నగారి బీరువా, అంచుల్లో 78

ప్రశ్న: నమస్కారం. మాది గోపాలపట్నం. నా వయసు 51. మా నాన్నగారు పోర్టులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన గదిలో రెండు బీరువాల నిండా చరిత్ర, మతం, శాసనాలు, ఆచారాల మీద పుస్తకాలున్నాయి. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కటీ ముట్టుకోలేదు నేను. ఇప్పుడు చదువుదామని తీస్తే రెండు పేజీలు దాటడం లేదు. ఒక పుస్తకంలో సింహాచలం గుడి దగ్గర "1098-99" అని చూసి గుండె గతుక్కుమంది. మేం తరతరాలుగా అప్పన్న భక్తులం, ఏటా గిరి ప్రదక్షిణ చేస్తాను. మన గుడికి అంతేనా వయసు? మా మరిది గారేమో అక్కడ 32 వేల ఏళ్ల నాటి శాసనం ఉందని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఏది నమ్మాలి? ఇవన్నీ చదివితే ఉన్న భక్తి కాస్తా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, నాన్నగారు పేజీల అంచుల్లో ఎక్కడ చూసినా పెన్సిల్‌తో 78 అని రాసుకున్నారు. కొన్నిచోట్ల 79. ఒకచోట 78 కొట్టేసి 79 అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఒక పుస్తకం అట్ట లోపలేమో "చంద్రుడు 1, కన్ను 2, రాముడు 3, వేదం 4, బాణం 5" అని చిన్నపిల్లల ఎక్కంలా ఉంది. చివర్లో మతిమరుపు వచ్చిందేమో, మేమే గమనించలేదేమో అనుకుని బాధపడ్డాం. మా అబ్బాయి అవన్నీ రబ్బరుతో చెరిపేసి పుస్తకాలు అమ్మేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ రబ్బరు దాచేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ నాన్నగారిది మతిమరుపు కాదు. ఆయన లెక్క చేస్తున్నారు. మన పాత శాసనాల్లో సంవత్సరం శాలివాహన శకంలో ఉంటుంది. "స్వస్తిశ్రీ శకవర్షంబులు" అని మొదలుపెట్టి అంకె చెబుతారు. దానికి 78 కలిపితే ఇప్పుడు మనం వాడే క్రీస్తుశకం వస్తుంది. శకం 1189 అని ఉందనుకోండి, 78 కలపండి, 1267. కోణార్క సూర్యాలయం కట్టించిన గాంగరాజు నరసింహదేవుడి పేరుతో సింహాచలం గుడి కొత్తగా కట్టిన కాలం అది. శకం 1438 అంటే 1516. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజు మీద యుద్ధానికి వచ్చి అప్పన్నను దర్శించుకున్న ఏడు. అచ్చులో ఉన్న అంకెను మీ నాన్నగారు ఊరికే ఒప్పుకోలేదు. ప్రతిచోటా తానే కూడి, సరిపోయిందో లేదో చూసుకున్నారు.

మరి 79 ఎందుకంటే, శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. చైత్రం నుంచి మార్గశిరం దాకా 78 సరిపోతుంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏడాది మారిపోయి ఉంటుంది, మన సంవత్సరం ఇంకా మారదు. ఆ నెలల్లో వేయించిన శాసనానికి 79 కలపాలి. ఏ నెలో తేలనప్పుడు రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాస్తారు. మీరు చూసి కంగారుపడ్డ "1098-99"లో మధ్య అడ్డగీత ఆ జాగ్రత్తే.

అట్ట లోపలి ఎక్కం దీనికంటే బాగుంటుంది. శాసనంలో పద్యం రాసిన కవి సంవత్సరాన్ని అంకెల్లో చెప్పడు, మాటల్లో దాస్తాడు. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. కళ్లు 2. పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు, అందుకని రాముడంటే 3. వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, ఋతువులు 6, మునులు 7, దిగ్గజాలు 8, గ్రహాలు 9, ఆకాశం సున్నా. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. నేనే ఒకటి కల్పించి చెబుతాను: "నేత్ర బాణ వేద చంద్ర" అంటే 2, 5, 4, 1. తిప్పితే 1452. దానికి 78 కలిపితే 1530. ఒకసారి కాగితం మీద మీరే వేసి చూడండి. పోర్టు ఆఫీసులో పగలంతా లెక్కలు రాసి వచ్చి, రాత్రి మీ నాన్నగారు కూర్చుని ఆడుకున్న ఆట ఇది.

ఇక 1098-99 సంగతి. అది గుడి కట్టిన సంవత్సరం కాదమ్మా. సింహాచలంలో ఇప్పటిదాకా దొరికినవాటిలో పాత శాసనానికి ఉన్న తేదీ. కులోత్తుంగ చోళుడి కాలంలో ఒక మామూలు వ్యక్తి ఆ దేవుడికి ఇచ్చిన దానాన్ని రాతి మీద రాయించాడు. మీ ఇంట్లో 1985 నాటి కరెంటు బిల్లు ఒకటి దొరికిందనుకోండి. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? 1985 నాటికి ఆ ఇల్లు ఉంది, అందులో మనుషులున్నారు, దీపం వెలుగుతోంది. ఇల్లు ఎప్పుడు కట్టారో ఆ బిల్లు చెప్పదు. శాసనమూ అంతే. దానం ఇచ్చేనాటికి కొండ మీద దేవుడున్నాడు, పూజ జరుగుతోంది, పేరు విని దానం ఇచ్చేవాళ్లు వస్తున్నారు. అంతకుముందు ఎన్నేళ్లనుంచి అలా ఉందో చెప్పే రాయి దొరకలేదు కాబట్టి చరిత్రకారుడు అక్కడ ఆగిపోతాడు. లేదని అనడు, ఆగుతాడు. ఆ రెంటికీ తేడా పట్టుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

మీ మరిది గారి 32 వేల ఏళ్ల మాట మాత్రం నిలవదు. ప్రపంచంలో ఎక్కడైనా మనిషి రాయడం మొదలుపెట్టి ఐదు వేల ఏళ్లు పైచిలుకు. మన ఆంధ్రదేశంలో బాగా పాత రాతలంటే భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు పేటికల (అస్థికలు దాచిన పెట్టెల) మీది బ్రాహ్మీ అక్షరాలు. అవి క్రీస్తుకు పూర్వం రెండు మూడు శతాబ్దాలవి. తెలుగులో వాక్యాలుగా రాసిన శాసనం కడప జిల్లా కలమళ్లలోది, సుమారు 575 నాటిది. రాతే లేని రోజుల్లో శాసనం ఎలా వేయిస్తారు? అయినా గ్రూపులో అందరి ముందూ ఇది పెట్టి ఆయన్ని చిన్నబుచ్చకండి. విడిగా ఫోన్ చేసి, "మరిది గారూ, ఆ శాసనం గుడిలో ఎక్కడుందట? చదివిందెవరట? పండక్కి వచ్చినప్పుడు వెళ్లి చూద్దాం" అనండి. నిజంగా వెళ్తే ఇద్దరికీ మంచిదే. 32 వేల ఏళ్లది దొరక్కపోయినా, ఏడెనిమిది వందల ఏళ్లవి కళ్ల ముందే కనిపిస్తాయి.

చాలా ఏళ్ల కిందట నేనలాగే నోటుపుస్తకం పట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం మండపంలో ఒక స్తంభం ముందు గంటసేపు నిలబడితే నాలుగు అక్షరాలు కూడా తెలియలేదు. రాయంతా ఒకే బూడిదరంగు. అక్కడున్న పెద్దాయన ఒకరు చూసి, సాయంత్రం రమ్మన్నారు. ఎండ ఏటవాలుగా పడే వేళకు మళ్లీ వెళ్లాను. ప్రతి గీతకూ పక్కన సన్నని నీడ పడింది. అక్షరాలు రాతిలోంచి పైకి లేచినట్టయింది. తలకట్లు ఇప్పటిలా లేవు, కొన్ని అక్షరాలు కన్నడమేమో అనిపించాయి. "స్వస్తిశ్రీ" మాత్రం స్పష్టంగా చదివాను. ఆ ఒక్క మాట చదివిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

శాసన శాఖవాళ్లు చదివే పద్ధతి వేరు. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం పరిచి బ్రష్‌తో కొడతారు. కాగితం గుంటల్లోకి దిగుతుంది. పైన నల్లసిరా అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా పడుతుంది. సింహాచలంలో అలా తీసిన శాసనాలు దాదాపు 500 ఉన్నాయి. వాటి పాఠాలు "సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్" ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. పేరు ఇంగ్లీషు అని బెదరకండి, తెలుగు శాసనాలు లోపల తెలుగు లిపిలోనే ఉంటాయి. పెద్ద సైజులో లావుపాటి పాత సంపుటాలు మీ బీరువాలో ఉంటే అట్ట తిప్పి చూడండి, అదే అయి ఉండవచ్చు. ఉంటే మాత్రం ఏ ధరకూ ఇవ్వకండి.

భక్తి పోతుందేమో అన్నారు. దీనికి నేను జాగ్రత్తగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఇది పుస్తకాల ప్రశ్న మాత్రమే కాదు.

ఆ శాసనాల్లో ఏముంటుందో ముందు చెప్పనివ్వండి. ఎక్కువ భాగం రాజుల గొప్పలు కావు. అఖండ దీపానికి ఇంత సొమ్ము, పూలదండలకు ఇంత, నైవేద్యానికి ఇంత అని రాయించుకున్నవే. తల్లిదండ్రుల పుణ్యానికని ఒకరు, తన కోరిక నెరవేరాలని ఒకరు. గండమాడలని అప్పట్లో నాణేలుండేవి, వాటిని గుడిలో జమచేసి, ఆ రాబడితో దీపం "ఆచంద్రార్కం" వెలగాలని రాయించేవారు. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం అని. కృష్ణదేవరాయలు తన రాణులతో వచ్చి 991 ముత్యాల హారం సమర్పించాడని రాసి ఉంది. వెయ్యి అని గుండ్రంగా రాయలేదు చూడండి, లెక్కపెట్టి 991 అన్నారు. చాలా శాసనాల చివర "ఈ ధర్మవు శ్రీవైష్ణవ రక్ష" అని ఉంటుంది. ఈ ధర్మాన్ని కాపాడే భారం తర్వాత వచ్చే శ్రీవైష్ణవులదే అని అప్పగింత అన్నమాట. మీరు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగి వస్తారు. మీకంటే ముందు ఆ కొండకు వచ్చిన భక్తులు ఎవరు, ఏం కోరుకున్నారు, ఏం ఇచ్చారు అన్నది ఆ పుస్తకాల్లో ఉంది. అది చదివి భక్తి పోయినవాళ్లను నేనైతే చూడలేదు. కొండ ఎక్కేటప్పుడు తోడు పెరిగినట్టు అనిపిస్తుంది.

స్థలపురాణం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రహ్లాదుడు, పురూరవుడు, ఏడాదికొక్కసారి నిజరూప దర్శనం, ఇవన్నీ చిన్నప్పటినుంచీ విన్నవే. ఆ దేవుడు మనకేమవుతాడో పురాణం చెబుతుంది. ఫలానా ఏడాది ఫలానా మనిషి ఏం చేశాడో శాసనం చెబుతుంది. పురాణంలోంచి తేదీ పిండాలని చూస్తేనే గొడవ మొదలవుతుంది, శాసనం చూపించి పురాణాన్ని వెక్కిరించినా గొడవే. రెండో రకం పుస్తకాలూ బజారులో ఉన్నాయి. భక్తులందరూ అమాయకులు, పూజలన్నీ మోసం అనే ధోరణిలో సాగుతాయి. అలాంటివి మీ చేతికొస్తే భయపడి కాదు, నాసిరకం పని కాబట్టి పక్కన పెట్టండి. మనుషులు వెయ్యేళ్లుగా ఒక పని ఎందుకు చేస్తున్నారో అర్థం చేసుకోవడానికి ప్రయత్నించని పుస్తకం మతం మీద ఏం చెప్పగలదు?

ఇంకొక సంగతి చెబితే మీకు ధైర్యం వస్తుంది. ఈ శాసనాలన్నీ పరిశీలించి చరిత్రకారుడు కె. సుందరం గారు 1969లో సింహాచలం గుడి చరిత్ర మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. దాన్ని అచ్చువేసింది సింహాచలం దేవస్థానమే.

రెండు పేజీలు దాటడం లేదన్నారు కదా. తప్పు మీది కాదు, మొదటి పేజీనుంచి మొదలుపెట్టడంలో ఉంది. పండితులు రాసిన పుస్తకాన్ని నవలలా ఈ చివరినుంచి ఆ చివరికి చదవరు. వెనకనుంచి తెరవండి. చివర్లో అకారాది క్రమంలో పేర్ల పట్టిక ఉంటుంది. అందులో మీకు తెలిసిన ఊరు వెతకండి. అడివివరం, భీమిలి, అనకాపల్లి, మీ అత్తగారి ఊరు, ఏదైనా సరే. ఆ పేజీ ఒక్కటి చదవండి. ఏదో ఒక వాక్యం దగ్గర "ఇది ఈయనకు ఎలా తెలిసింది?" అనిపిస్తుంది. అప్పుడు పేజీ కింద సన్న అక్షరాల్లోకి దిగండి. ఏ శాసనం, ఏ కావ్యం, ఎవరి యాత్రా కథనం ఆధారమో అక్కడ ఉంటుంది. అక్కడేమీ లేకపోతే, పుస్తకమంతా అలాగే ఉంటే, ఎంత పెద్ద పేరున్నవారు రాసినా నమ్మకం కాస్త తగ్గించుకోండి. "బహుశా", "కావచ్చు", "ఆధారం దొరకలేదు" అన్న మాటలు కనిపిస్తే చిరాకు పడకండి. ఆ రచయిత మీ దగ్గర ఏమీ దాచడం లేదు.

మొదట మాత్రం శాసనాల జోలికి వెళ్లకండి. మీ నాన్నగారి బీరువాలో సురవరం ప్రతాపరెడ్డి గారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" తప్పకుండా ఉంటుందని నా నమ్మకం. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం దానికే. రాజులూ యుద్ధాలూ పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవుళ్లకు మొక్కారు అన్నది కావ్యాల్లోంచీ చాటువుల్లోంచీ ఏరి పెట్టారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక పది పేజీలు హాయిగా సాగుతాయి. ఆయన అభిప్రాయాలు కొన్నిచోట్ల ఘాటుగానే ఉంటాయి. ఒప్పుకోనిచోట మీరూ పెన్సిల్ తీయండి.

పాత పుస్తకంతో ఒక్క జాగ్రత్త ఉంది. చదివే ముందు అచ్చయిన సంవత్సరం చూడాలి. మన తొట్లకొండనే తీసుకోండి. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కొండ మీద స్తూపం, భిక్షువుల గదులు, వంటశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇవాళ స్కూలు పిల్లలు కూడా చూసి వస్తున్నారు. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి అక్కడ. కానీ బావికొండలో తవ్వకాలు 1980లలోనే జరిగాయి, తొట్లకొండలో 1988 నుంచి 1993 దాకా. కాబట్టి 1960లో వచ్చిన పుస్తకం విశాఖ దగ్గర బౌద్ధం గురించి శంకరం బొజ్జన్నకొండతో ఆపేస్తే అది రచయిత తప్పు కాదు. అనకాపల్లి పక్కన ఆ కొండను 1900ల మొదట్లోనే తవ్వారు. ఆయన చేతిలో ఉన్న రాళ్లతో ఆయన రాశారు. తర్వాత మట్టిలోంచి వచ్చినవి మనకు తెలుసు. బీరువాలో ఒకే విషయం మీద 1950ల పుస్తకం, 1990ల పుస్తకం రెండూ ఉంటే పక్కపక్కన పెట్టి చదవండి. ఎక్కడ మాట మారిందో, ఎందుకు మారిందో గమనిస్తే చరిత్ర రాయడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మడం గురించి. అన్నీ ఉంచుకోమని నేను అనను, మీ ఇంట్లో జాగా సంగతి మీకే తెలుసు. పెన్సిల్ రాతలున్నవి మాత్రం ముందు విడిగా తీసి పెట్టండి. అవి ఇంట్లో ఉండాలి. మిగిలినవాటికి ఒక నోటుపుస్తకంలో పేరు, రచయిత, సంవత్సరం రాయండి. ఈ పని మీ అబ్బాయికి అప్పగిస్తే ఇంకా మంచిది, ఫోన్‌లో టైప్ చేసేస్తాడు. ఆ జాబితా పట్టుకుని ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా లైబ్రరీలోనూ అడగండి. వాళ్లకు ఏవి కావాలో తెలుసుకున్నాకే ఇవ్వండి. కట్టలు కట్టి గుమ్మంలో దించి వస్తే ఏ లైబ్రరీకైనా భారమే. తూకానికి మాత్రం వేయకండి.

మన ఊరి గాలికి పుస్తకం త్వరగా పాడవుతుంది. ఉప్పు, తేమ. హుద్‌హుద్ తుపాను అప్పుడు ఎన్ని ఇళ్లలో కింది అరల పుస్తకాలు తడిసి ఇటుకల్లా ఉబ్బిపోయాయో. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు జరపండి. కింది అరలో పుస్తకాలు పెట్టకండి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి అరల్లో ఉంచండి, కలరా ఉండలైనా ఫరవాలేదు గానీ పేజీలకు తగలకూడదు. బూజు వాసన వచ్చినవాటిని ఎండలో కాదు, ఫ్యాను కింద నీడలో విప్పి ఆరబెట్టండి. ఎండలో పెడితే పాత కాగితం అప్పడంలా విరుగుతుంది.

చివరగా ఆ ప్రశ్నార్థకం. 78 కొట్టేసి 79 రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారన్న పేజీ ఉంది కదా, నాకు అదే మనసులో తిరుగుతోంది. ఆ పేజీ మళ్లీ తెరిచి శాసనంలో నెల పేరు ఏముందో చూడండి. నా అనుమానం పుష్యమాసం అయి ఉంటుందని. ఆ నెల డిసెంబరులో మొదలై జనవరిలోకి వెళ్తుంది. తిథిని బట్టి 78 అయినా కావచ్చు, 79 అయినా కావచ్చు. తిథీ వారమూ రెండూ ఉంటే ఏదో ఒకటి తేల్చవచ్చు. మీ నాన్నగారు అక్కడిదాకా వచ్చి ఆగారు. నెల, తిథి, వారం మూడూ ఒక కాగితం మీద రాసి పంపండి, కలిసి చూద్దాం.